మొదటి వరుసలో మా యారాలు

మా యారాలి చీర కంప్యూటర్లో అందరికంటే ముందు వస్తోందన్న సంగతి నాకు దేవుడి గదిలో తెలిసింది. శుక్రవారం పొద్దున, ఒత్తులు నూనెలో తడుపుతున్నాను. మా ఆయన గడప బయట నిలబడి, చెప్పులైనా విడవకుండా చెప్పాడు.

"విన్నవా? ఇంటర్నెట్ల గద్వాల చీరె అని కొడితే మొట్టమొదలు తమ్మునోళ్ల ఇల్లే వస్తదంట. టైపు సారు జూపిచ్చిండు."

"మంచిదే గదా," అన్నాను.

అగ్గిపుల్లను వేలి దాకా కాలనిచ్చానని చురుక్కుమన్నాక గానీ తెలియలేదు.

యారాలు అంటే మా మరిది భార్య. నాకంటే బాగా చిన్నది. వనపర్తి పిల్ల, డిగ్రీ చదివింది. నేను ఆత్మకూరు దగ్గర పల్లెలో నేతగాళ్ల ఇంట్లో పుట్టాను. బడి గడప తొక్కలేదు. మా నాయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తూనే పక్కన పలక పెట్టి నాకు అక్షరాలు దిద్దించాడు. పోగును మోసే నాడె అటు పోయి ఇటు వచ్చేలోపు ఒక మాట చదివెయ్యాలి. ఆలస్యమైతే నాడె ఆపి నా వైపు చూసేవాడు, అంతే. తిట్టేవాడు కాదు. ఆ చదువు వల్లనేమో, ఇప్పటికీ ఏదైనా చదువుతుంటే నా కాలు దానంతట అదే మగ్గం తొక్కినట్టు కదులుతుంది. ఆ నాలుగు అక్షరాలే నాకు పారాయణం ఇచ్చాయి, రామకోటి ఇచ్చాయి. మా నాయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

గద్వాలకు కోడలిగా వచ్చాక మా అత్తమ్మ దగ్గర అసలైన పని నేర్చుకున్నాను. మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ నేసేటప్పుడే పోగుకు పోగు మెలివేసి కలపాలి. అందుకే మగ్గం మీద ఇద్దరం కూర్చుంటాం. ఈ అంచు మా ఆయనది, ఆ అంచు నాది. అత్తమ్మ పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. పంపకాల్లో అత్తమ్మ కూర్చుని నేసిన మగ్గం మా వాటాకు వచ్చింది. మా ఇంటి ముందుగదిలో, వీధి గుమ్మం తెరవగానే కనిపించే గుంత అదే. ఆస్తి ఎవరికి ఏది వచ్చినా నేను పట్టించుకోలేదు గానీ, ఆ గుంత నాకు వచ్చినందుకు మాత్రం లోపల పొంగిపోయాను.

రెండు వేల ఎనిమిది వచ్చేసరికి ఆ మగ్గం మీదకు పడుగు ఎక్కడమే కష్టమైంది. పాత ఖాతాదారులు ముసలివాళ్లయ్యారు, వాళ్ల కోడళ్లు దుకాణాల వెంట పడ్డారు. మా ఆయన ఒకరోజు అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పాడు.

"దసరా అయినంక గుంత పూడుస్త. ముందుగది కిరాయికిద్దాం. సెల్లు రీచార్జి పెట్టుకుంటనని ఒకాయన అడుగుతుండు."

"అత్తమ్మ కూసున్న గుంత గదా."

"అత్తమ్మ గూడ అన్నం దినే బతికింది."

ఆయనను తప్పుపట్టడానికి లేదు. వారం తిరక్కుండా ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తెచ్చి మా గుమ్మం పక్కన కుప్ప పోసిపోయింది. పొద్దున లేచి వాకిలి ఊడ్చేటప్పుడు ఆ కుప్ప చుట్టూ ఊడ్చేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా యారాలు ఇంటర్నెట్లో మొదటి వరుసకు ఎక్కింది.

నాకొక అలవాటు ఉంది. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు జరిగిన మంచినంతా జమ్ములమ్మ తల్లికి ఒక్కొక్కటిగా చెప్పుకుంటాను. నల్లా వచ్చింది తల్లీ. పాలు విరగలేదు తల్లీ. ఆయన మోకాలు నొప్పి తగ్గింది తల్లీ. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఆ శుక్రవారం సాయంత్రం "మా మరిది ఇల్లు బాగుపడుతున్నది తల్లీ" అనాలి. మాట గొంతు దాకా వచ్చింది, ఇవతలికి రాలేదు. మరునాడూ అంతే. తల్లి ముందు అబద్ధం ఆడలేను కాబట్టి ఆ మాట దగ్గరికి రాగానే గంట వాయించేసి లేచిపోయేదాన్ని.

దానికి తోడు ఇంటిపేర్లు ఒకటే కావడం. రైల్వే స్టేషన్ నుంచి ఆటోవాళ్లు ఆమె కోసం వచ్చినవాళ్లను తీసుకొచ్చి మా గుమ్మంలో దించేవారు. ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు, హైదరాబాదు నుంచి, చెమటలు కక్కుకుంటూ దిగారు.

"ఇంటర్నెట్లో చూసిన ఇల్లు ఇదేనా అండీ?"

"రాండ్రమ్మా, నీళ్లు దాగుండ్రి ముందు."

కూర్చున్నారు. నీళ్లు తాగారు. చిన్నావిడ నా ముఖంలోకి చూసి, "ఫొటోలో నవ్వుతూ ఉంటారు, ఆవిడ మీరేనా?" అంది.

"కాదమ్మా, ఆమె మా యారాలు. గీ సందు దాటినంక ఎనుక సందుల ఎర్ర గేటు."

"మీ దగ్గర కూడా చీరలుంటాయా?"

"చెప్తె నేస్తమమ్మా. మా ఇంట్ల నేసినవి పెట్టుకొని అమ్మేది లేదు."

"అయితే ముందు అక్కడ చూసొస్తాం."

తిరిగి రాలేదు. ఎందుకొస్తారు? సాయంత్రం ఆటో మా ముందు నుంచే పోయింది. ఒళ్లో సంచులు కనిపించాయి. వాళ్లు తాగిన గ్లాసులు కడుగుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"బోర్డు రాపిద్దామా? ఈడ నీళ్లు, ఆడ చీరెలు అని."

ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని.

చెబితేనే నేస్తాం అన్నది మా అత్తమ్మ పెట్టిన పద్ధతి. ఆమె పద్ధతులు ఇంకా ఉన్నాయి. మగ్గం మీదున్న చీరను పరాయివాళ్లు చూడకూడదు. ఎవరైనా గుమ్మంలోకి వస్తున్న అలికిడి కాగానే మగ్గం మీద తెల్లగుడ్డ కప్పేస్తాం. చీర దించాక దేవుడి ముందు పెట్టి దీపం వెలిగిస్తాం. దేవుడి తర్వాత మొదటి చూపు చెప్పి నేయించుకున్నవాళ్లదే. చిట్టచివర, కొంగు ముగిసే చోట, ఒక్క పసుపు పోగు వేస్తాం. ఆ చీర రంగు ఏదైనా సరే, ఒక్క పోగు పసుపుది. కట్టుకున్న ఆడబిడ్డ చల్లగా ఉండాలని.

మా యారాలు ఆ పసుపు పోగు మానలేదు, నిజం చెప్పాలి. తెల్లగుడ్డ మాత్రం తీసి అవతల పారేసింది. కెమెరా ఉన్న ఫోను కొనుక్కుంది. అప్పట్లో చదువుకున్నవాళ్లందరూ ఖాతాలు తెరుస్తున్న స్నేహితుల సైటు ఒకటి ఉండేది. అందులో మగ్గం మీదున్న చీరను పొద్దున ఇంత, సాయంత్రం ఇంత అని ఫొటోలు పెట్టేది. కింద "ఇవాళ మామిడి పిందెలు మొదలయ్యాయి" అని రాసేది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో సీరియల్ కోసం కూర్చున్నట్టు కాచుకుని ఉండేవారట, పిందెలు ఎప్పుడు పూర్తవుతాయా అని. చెప్పి నేయించుకున్నామెకైతే తన చీర పుట్టడం తానే చూస్తున్నంత సంబరమట.

ఒకసారి కడుపు మంట పట్టలేక అడిగేశాను.

"చెల్లె, మగ్గం మీదున్న చీరెను గట్ల బజార్ల పెడ్తవా? అత్తమ్మ ఉంటె ఏమనేది?"

"అత్తమ్మ ఉంటె అత్తమ్మ ఫొటో గూడ పెడ్తుంటి అక్కా. ఎంత ముద్దుగుంటుండె!"

"దిష్టి తగుల్తదే."

"మిరపకాయలు దిప్పుతున్నలే అక్కా, కంప్యూటర్‌కు గూడ."

అని పకపకా నవ్వింది. ఆ నవ్వు చూస్తే కూడా నాకు కుళ్లే. నేను నవ్వితే పైట అడ్డం పెట్టుకుంటాను. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వుతుంది, ఎదుటివాళ్లకు కూడా నవ్వొస్తుంది. అలా నవ్వేవాళ్ల దగ్గర ఎవరైనా చీర కొంటారు.

టైపు సారు సంగతి చెప్పాలి. పాత బస్టాండు దగ్గర ఎన్నో ఏళ్లు టైపు నేర్పిన పెద్దమనిషి. టైపు మిషన్లను గోడవారన వరసగా పెట్టి గుడ్డలు కప్పేసి, వాటి ముందు కంప్యూటర్లు పెట్టాడు. ఏడాది కిందట మా ఆయన ఆయన చేతనే మా ఇంటికి కూడా ఒక ఇంటర్నెట్ పేజీ చేయించాడు. నేను దానివైపు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు వెళ్లాను.

"సారూ, మా యారాలు ఎవరికన్న ఇంత ముట్టజెప్పి ముందుకొచ్చిందా?"

"లేదమ్మా. గట్లేం లేదు. జర కూసోండ్రి, చెప్త." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "గా వెతికే యంత్రానికి చీరె తెల్వదు, అంచు తెల్వదు. మంది ఎటు పోతున్నరు, ఎవరి మాట మాట్లాడుతున్నరు, గదే చూస్తది. మీ యారాలు ఫొటో పెట్టంగనే మంది మాట్లాడుకుంటరు. అండ్ల ఒకామెకు తన సొంత పేజీ ఉంటది, వంటలదో, ముచ్చట్లదో. అండ్ల రాస్తది, నేను గీ ఇంట్ల చీరె నేయించుకున్న అని. రాసి, మీ యారాలి పేజీకి దారి పెడ్తది. ఆ దారి మీద నొక్కితే సక్కగ వీళ్లింటికే. గసొంటి దార్లు నలుదిక్కుల నుంచి ఒక్క ఇంటికే పోతుంటె యంత్రం ఏమనుకుంటది? గదే పెద్దిల్లు అనుకుంటది. ముందు వెడ్తది."

"మాకు గూడ పేజీ ఉంది గద సారూ."

తెరిచి చూపించాడు. పైన వెంకటేశ్వర స్వామి పటం. కింద మా అడ్రసు. అంతే. చాలా ముచ్చటగా ఉంది.

"చీరె ఏది అమ్మా?" అన్నాడు.

"నేయించుకున్నోళ్లు చూడకముందు లోకానికెట్ల చూపిస్తం సారూ?"

"అయితే మీ ఇంటికి దారి ఎవరు పెడ్తరు?"

ఇంటికొచ్చి రామకోటి పుస్తకం తెరిచి కూర్చున్నాను. రాస్తుంటే తట్టింది. ఒక్కటే పేరు విసుగు లేకుండా మళ్లీ మళ్లీ రాస్తే సాక్షాత్తు రాముడే వింటాడంటారు. ఒక యంత్రం వినదా? మా పేజీలో స్వామి పటం కింద అంత జాగా ఖాళీగా ఉంది కదా!

మరునాడు వెళ్లి చెబితే సారు కాసేపు ఆలోచించాడు. "గట్ల రాస్తె పైకొస్తదని నేను గూడ ఎవరో అంటె విన్న," అన్నాడు. గద్వాల చీర అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కసారి కొట్టి, దాన్నే పేజీ నిండా అతికించడం చూపించాడు. ఒక్క మీట నొక్కితే వరసకు వరస నిండిపోతోంది.

"గట్ల వద్దు సారూ," అన్నాను. "అతికిస్తె ఏం ఫలం? చేత్తోనే కొట్టాలె."

సారు నవ్వాపుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. ఏ మీట తర్వాత ఏ మీటో అంచు మీద పువ్వుల వరస గుర్తుపెట్టుకున్నట్టు పెట్టుకున్నాను. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక, కాళ్లు కడుక్కుని, సారు దగ్గర ఒక కంప్యూటరు ముందు కూర్చుని కొట్టేదాన్ని. పెదాలతో అనుకుంటూ కొట్టేదాన్ని. పక్కన పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు నన్ను చూసి గుసగుసలాడేవాళ్లు. పేజీ నిండింది. కిందకు జరిగింది. మళ్లీ నిండింది.

మధ్యమధ్య సారును బతిమాలి యారాలి పేజీ తెరిపించుకునేదాన్ని. ఇది చెప్పకపోతే చెప్పింది సగమే అవుతుంది. ఆమె ఫొటోల కింద మనుషులు రాసిన మాటలు సారు చదివి వినిపించేవాడు. ఒకామె "మీ చేతులు బంగారం" అని రాసింది. ఆ ఫొటోలో ఉన్నది కోటకొమ్మ అంచు, కోట బురుజుల్లాగా మొనలు తేలి ఉంటుంది. ఆ అంచు ఆమె కాపురానికొచ్చిన కొత్తలో నేను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. మొన దగ్గర పోగు జారిపోతుంటే ఆమె వేళ్ల మీద నా వేళ్లు పెట్టి మెలివేయించాను. బంగారమట!

ఒకరోజు సారు మా ఇంటిపేరు, మా ఆయన పేరు కలిపి వెతికి చూపించాడు. మొట్టమొదట మేమే. స్వామి పటంతో సహా. ఇంటికి పరుగెత్తి పటికబెల్లం తెచ్చి అక్కడున్న అందరికీ పంచాను. సారు బెల్లం నోట్లో వేసుకోలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, ఒక మాట. మన పేరు కొట్టినం గాబట్టి మనమొచ్చినం. మన పేరు తెలిసినోళ్లు మనల్ని ఎందుకు వెతుకుతరు? తెల్వనోళ్లు గద్వాల చీరె అని కొడ్తరు. అది గూడ చూద్దామా?"

చూశాం. మొదటి వరుసలో యారాలు. కిందకు పోయాం. ఇంకా కిందకు పోయాం. ఇదివరకు ఎక్కడో అడుగున ఉండేవాళ్లమట. ఇప్పుడు అసలు లేము.

"ఒక్కటే మాట గన్నిసార్లు రాస్తె యంత్రం మనల్ని దొంగ లెక్క చూస్తదేమో అమ్మా," అన్నాడు సారు మెల్లగా.

నాకు యంత్రం మీద నిజంగానే కోపం వచ్చింది. రాముడికి రాని అనుమానం దీనికి ఎందుకు రావాలి?

ఇంటికి వచ్చేసరికి రీచార్జి ఆయన ముందుగదిలో టేపు పట్టుకుని బల్ల ఎక్కడ వేయాలో కొలుస్తున్నాడు. గుంత అంచున నిలబడి, "ఇది పూడితె గది పెద్దగనే కనిపిస్తది," అన్నాడు. నేను లోపలికి పోయి పొయ్యి దగ్గర కూర్చున్నాను.

శ్రావణమాసంలో నాగర్‌కర్నూల్లో మా మేనమామ మనవరాలి పెళ్లి. వెళ్లే ఓపిక లేదు, కానీ వెళ్లకపోతే బాగుండదు. గద్వాల నుంచి వనపర్తికి పోయి అక్కడ బస్సు మారాలి. వనపర్తి బస్టాండులో దిగితే ఆ ఊరి మీద కూడా నాకు కోపమే వచ్చింది. ఏం పాపం చేసిందో ఆ ఊరు, మా యారాలిని కనడం తప్ప.

పెళ్లిలో తలంబ్రాల వేళకు నా ముందు వరసలో ఒకామె వచ్చి కూర్చుంది. ఆవపిండి రంగు చీర, మెరూన్ అంచు, అదే రంగు కొంగు. కొంగు కుర్చీ వెనక నుంచి నా మోకాళ్ల మీద పడింది. తీసి పక్కన పెడదామని పట్టుకున్నాను. కొంగు ముగిసే చోట ఒక్క పసుపు పోగు ఉంది.

ఆమె తిరిగి చూసేసరికి నేను ఆ కొంగును రెండు చేతులా పట్టుకుని ఉన్నాను.

"ఏందమ్మా, చీరె నచ్చిందా?"

"ఇది మా అత్తమ్మ నేసింది."

"గద్వాలోళ్లా మీరు? ఇది నా పెండ్లికి మా అమ్మ నేయించింది. నా బిడ్డకు గూడ పెండ్లయింది ఇప్పుడు." కొంగు తన చేతిలోకి తీసుకుంది. "ఈ పసుపు పోగు ఏందో తప్పు పడ్డది అనుకుంటుంటి ఇన్నేండ్లు."

అది తప్పు కాదని, కట్టుకున్నామె చల్లగా ఉండాలని అత్తమ్మ వేసేదని చెప్పాను. ఆమె కొంగు కళ్లకు అద్దుకుంది. నేను కూడా అత్తమ్మను తలచుకుని దండం పెట్టుకున్నాను. కానీ ఆ దండం పూర్తవకముందే మనసులోకి వచ్చిన మాట వేరు. ఈ చీర మా యారాలి పేజీలో లేదు.

ఇది దేవుడు చూసిన చీర. నేయించుకున్నవాళ్లు చూసిన చీర. కట్టి, ఉతికి, మడతలు పెట్టి ఇన్నేళ్లు దాచుకున్న చీర. దీన్ని లోకం చూస్తే ఏ పద్ధతీ తప్పదు. ఆమె తాలూకా ఆఫీసులో పనిచేస్తుందట. చేతిలో కెమెరా ఫోను కూడా కనిపిస్తోంది.

"అక్కా, నీకు గా స్నేహితుల సైటుల ఖాతా ఉందా?"

"ఉంది. నా బిడ్డ తెరిచింది. ఎందుకమ్మా?"

"గీ చీరె అండ్ల పెడ్తవా? గీ పసుపు పోగు మంచిగ కనపడాలె. మా ఇంటిపేరు రాయాలె. ఎనుక సందుల ఇల్లు గాదు, ముందు సందుల ఇల్లు అని ఖుల్లంఖుల్లా రాయాలె."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీకు యారాలుందా?" అని అడిగింది. ఇద్దరం పైటలు అడ్డం పెట్టుకుని నవ్వాం. మా ఇంటి పేజీ అడ్రసు టైపు సారును అడిగి తీసుకోమని ఆయన ఫోను నంబరు కూడా ఇచ్చి వచ్చాను.

పది, పదిహేను రోజులు సారు దగ్గరికి పోలేదు. నాకు భయం. పోయేసరికి ఆయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"దార్లు పడుతున్నయమ్మా!"

ఆ నాగర్‌కర్నూల్ ఆమె ఫొటో పెట్టింది. అచ్చం నేను చెప్పినట్టే, ముందు సందు అని కూడా రాసింది. దాని కింద ఒకామె "మా అమ్మ చీరకూ ఇలాంటి పోగు ఉంది" అని రాసిందట. తర్వాత కర్నూలు నుంచి ఇంకొకామె. రాయచూరు నుంచి ఒకామె కన్నడంలో. ట్రంకు పెట్టెలు తెరిచి, కొంగు చివరలు వెతుక్కుని, ఫొటోలు తీసి పెడుతున్నారు. పాత చీరల గురించి రాసుకునే ఒకామె తన పేజీలో దీని మీద పెద్ద ముచ్చటే రాసి, చివర మా పేజీకి దారి పెట్టింది. అన్నీ అత్తమ్మ చేతి కొంగులు. నీలం, చిలకపచ్చ, వంకాయ రంగు. ఒక్కొక్కటీ చూపిస్తుంటే నా కాలు బల్ల కింద మగ్గం తొక్కుతూనే ఉంది.

"గింతమందికి ఎట్ల తెలిసింది సారూ? ఆమె చుట్టాలేనా వీళ్లంత?"

సారు కొంచెం తటపటాయించాడు. తర్వాత యారాలి పేజీ తెరిచాడు. తెలుగు అక్షరాల్లోనే ఉంది, నేనే చదువుకున్నాను.

నాగర్‌కర్నూల్ చీర ఫొటో ఆమె తన పేజీలో పెట్టుకుంది. కింద ఇలా రాసింది: "మీ ఇంట్లో పాత గద్వాల చీర ఉంటే కొంగు చివర చూడండి. పసుపు పోగు ఒక్కటి కనిపిస్తే అది మా అత్తమ్మ నేసింది. ఆ మగ్గం ఇప్పుడు మా అక్క దగ్గర ఉంది. మా అందరిలో పని తెలిసింది మా అక్కకే." దాని కింద మా పేజీకి దారి.

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు, కోపమొచ్చింది. ఈ ఒక్కటైనా నాది అనుకున్నాను. బస్సులు మారి, ముక్కూ మొఖం తెలియనామె కొంగు పట్టుకుని తెచ్చుకున్నాను. దాన్ని కూడా ఆమె నాకంటే ముందు నలుగురికీ చెప్పింది, నాకంటే అందంగా చెప్పింది. పోనీ నన్ను తక్కువ చేసి రాసిందా అంటే అదీ లేదు. మనిషికి కోపం తెచ్చుకోవడానికి ఒక్క సందు కూడా వదలని మంచితనం ఉంటుందే, అది భరించడం చాలా కష్టం.

సారు చేత మా పేజీలో నేను కొట్టిందంతా తుడిపించేశాను. అంత కష్టపడి చేత్తో కొట్టింది ఒక్క మీటతో పోయింది. స్వామి పటం కింద నాగర్‌కర్నూల్ ఆమె చీర ఫొటో పెట్టించాను.

దసరా దగ్గరపడింది. మా ఆయన పార కడిగి గోడకు ఆనించి పెట్టాడు. ఒక పొద్దున ఫోను మోగింది. రాయచూరు నుంచి ఒకామె, సగం తెలుగు సగం కన్నడం.

"ఆ పసుపు పోగు ఇల్లు ఇదేనా? మాకు ఆ ఆవపిండి రంగు సీరెనే బేకు. మగళి పెళ్లికి. అరిశిన దారం మరవొద్దు మళ్ల!"

బిడ్డ పెళ్లికి చీర కావాలట, పసుపు పోగు మరవకూడదట. మా ఆయనకు ఫోను ఇచ్చాను. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ గుంతలోకి దిగి కూర్చున్నాడు. ఎందుకు దిగాడో ఆయనకే తెలియదు. ఆ తర్వాత ఇంకో రెండు ఫోన్లు వచ్చాయి. రీచార్జి ఆయనకు వేరే గది చూసుకొమ్మని చెప్పి పంపించాం.

"మరి మట్టి?" అన్నాడు మా ఆయన.

"ఉండనియ్యి. బంతి చెట్లు పెడ్త."

ఆయుధ పూజ నాటికి మగ్గం మీద పడుగు ఎక్కింది. కోటకొమ్మ అంచు మొదలుపెట్టాం. సారును అడిగితే, గద్వాల చీర అని కొడితే యారాలు మొదట, నాగర్‌కర్నూల్ ఆమె ఫొటో రెండోది, మేము మూడో వరుసలో అని చెప్పాడు. "మూడోది తక్కువేం గాదమ్మా," అన్నాడు. నాకు మొదటిదే కనిపించింది.

చీర సగం దాటాక ఒక సాయంత్రం గుమ్మంలో గాజుల చప్పుడైంది. చెయ్యి దానంతట అదే తెల్లగుడ్డ లాగి మగ్గం మీద కప్పేసింది. చూస్తే మా యారాలు. చేతిలో ఫోను. గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏందక్కా, నేను పరాయిదాన్నా?"

గుంత పూడి ఉంటే ఇప్పుడు ఆమె రీచార్జి బల్ల ముందు నిలబడి ఉండేది. నాడె పక్కన పెట్టి అన్నాను, "ఫోను దేవుని గూట్ల పెట్టి రా పో."

పోయి, అమ్మవారి పక్కన ఫోను బోర్లా పెట్టి, దండం పెట్టుకుని వచ్చింది. గుడ్డ తీశాను. వంగి, అంచు మీద వేలు తాకించీ తాకించక, మొన దగ్గర చూపు ఆపింది. ఎప్పుడూ వచ్చే నవ్వు రాలేదు.

"అబ్బ అక్కా... మొన గింత నిలబడ్తదా! నాది రెండు పోగులు జారుతది ఎప్పుడు. ఫొటోల కనపడకుండ పక్కకెల్లి తీస్త. నీ చెయ్యి నాకెప్పుడొస్తదో ఏమో."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆ ఏడాదంతా నా గొంతు అదే. పైకి మెచ్చుకోలు, లోపల సన్నగా మంట. ఆమె వైపు చూడకుండా నాడె అందుకున్నాను.

"కూసో. అవతలి అంచు దిక్కు కూసో. ఇంకోసారి జూపిస్త."

చీకటి పడే వేళకు వెళ్లింది. ఫోను మరిచిపోయి మళ్లీ వచ్చి తీసుకుని వెళ్లింది. నేను దీపం పెట్టాను. నల్లా వచ్చింది తల్లీ, అన్నాను. మగ్గం నిలబడింది తల్లీ, అన్నాను. ఎప్పుడూ గంట వాయించి లేచిపోయే చోటు వచ్చింది. ఈసారి గంట ముట్టుకోలేదు.

"మా యారాలు చల్లగుండాలె తల్లీ. ఆమెకు గూడ నన్ను జూస్తె జర కుళ్లు పెట్టినవు. నీకు వెయ్యి దండాలు."